కందిరీగ గూడు ఎవరు దించాలి?

*ఎండలు ముదిరాయి. కిటికీ సందులోంచి, కూలర్ గడ్డిలోంచి, ప్లగ్గు రంధ్రంలోంచి కందిరీగలు ఇళ్లలోకి వస్తున్నాయి. కుట్టేవి ఏవో, కుట్టనివి ఏవో తెలుసుకుంటే సగం భయం పోతుంది. మిగతా సగానికి మాత్రం జాగ్రత్త పడాల్సిందే.*

మార్చి నెలాఖరు, ఆదివారం మధ్యాహ్నం. కండ్లకోయలో, అవుటర్ రింగురోడ్డు మీద లారీల హోరు వినిపించేంత దగ్గర్లో ఒక అపార్ట్‌మెంటు. నాలుగో అంతస్తు బాల్కనీలో నిరుడు వానలు మొదలైనప్పటి నుంచి పాత దుప్పటి కప్పుకుని కూర్చున్న కూలర్‌ను ఇంటాయన ముందుకు లాగాడు. గడ్డి మార్చాలని పక్క తలుపు ఊడదీశాడు. లోపల మోటారు పైన, బూడిద రంగులో, అరచేయంత గూడు. చూసేలోపే పది పన్నెండు కందిరీగలు లేచాయి. ఒకటి మెడ మీద, ఒకటి మోచేతి మీద కుట్టాయి. లోపల్నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్ల కెవ్వుమని తువ్వాలు ఊపబోయింది.

"ఊపకు బిడ్డా! కదలకుండ లోపలికి రా" అని మెదక్ నుంచి వచ్చిన నానమ్మ గట్టిగా అన్నది. ఆమె మాటే అక్కడ పనికొచ్చింది. అందరూ లోపలికి వచ్చి తలుపు వేసుకున్నారు. కుట్టిన చోట ఎవరో సున్నం తెచ్చారు, ఇంకెవరో ఇనుప తాళంచెవి రుద్దారు. తర్వాత ఇంటాయన ఇంటర్‌కామ్ అందుకుని కిందికి ఫోన్ చేశాడు: "తమ్మీ, జర పైకి రా. కందిరీగలు లేచినయ్."

అయిదు నిమిషాల్లో వాచ్‌మన్ వచ్చాడు. చేతిలో కర్ర, దాని కొసకు చుట్టిన పాత బట్ట, ప్లాస్టిక్ సీసాలో కిరోసిన్, ముఖానికి తువ్వాలు, కాళ్లకు హవాయి చెప్పులు. కింద మెట్ల దగ్గర అతని భార్య చంటిపిల్లను ఎత్తుకుని "పైలం" అంటోంది. తలుపు అద్దం వెనకాల ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుండగా అతను ఒక్కడే బాల్కనీలోకి వెళ్లాడు.

ఫ్లాటు నంబరు మారుస్తే ఇది మేడ్చల్ దారిలో ఏ అపార్ట్‌మెంటులోనైనా జరిగేదే. వేసవి వచ్చిందంటే కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో నీళ్ల ట్యాంకరు తర్వాత ఎక్కువగా కనిపించేవి ఈ గూళ్ల ఫొటోలే. వాటి కింద అందరి ప్రశ్నా ఒకటే, ఎలా చంపాలని. దానికన్నా ముందు అడగాల్సినవి మూడున్నాయి. అది ఏ కందిరీగ? ఇక్కడికి ఎందుకొచ్చింది? దాన్ని దించడానికి ఎవరిని పంపుతున్నాం?

ద్రాక్షతోటల నుంచి బాల్కనీల దాకా

కండ్లకోయ, గుండ్లపోచంపల్లి, శామీర్‌పేట ప్రాంతమంతా ఒకప్పుడు గుండ్లూ, తుప్పలూ, చెరువులూ, ఈతచెట్లూ ఉన్న నేల. మేడ్చల్ దారికి రెండు వైపులా ద్రాక్షతోటలు ఉండేవి. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఈ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో కాశాయి. పండు తీపెక్కే ఫిబ్రవరి, మార్చి నెలల్లో తోటకు కందిరీగలు రావడం రైతుకు కొత్త కాదు. పగిలిన పండు మీద వాలి రసం పీల్చేవి, అదే తోటలో ఆకు తినే పురుగుల్నీ ఎత్తుకుపోయేవి. నష్టమూ లాభమూ రెండూ చూసినవాడు కాబట్టి రైతు వాటిని ఒక కంట కనిపెట్టి తన పని తాను చేసుకున్నాడు.

తోటలు వెంచర్లయ్యాయి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డులో చిట్టచివరగా పూర్తయింది కండ్లకోయ జంక్షన్ దగ్గరి ముక్కే. 2018 మే నెలలో దాన్ని తెరిచారు. 2022 ఫిబ్రవరిలో ఇక్కడే ఐటీ పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్లు, విల్లాలు, గోదాములు వచ్చాయి. ఇంత జరిగినా అడవి పూర్తిగా పోలేదు. కండ్లకోయ రిజర్వు ఫారెస్టులో ఆక్సిజన్ పార్కు ఉంది. శామీర్‌పేటలో చెరువు, జింకల పార్కు ఉన్నాయి. అంటే కందిరీగకు తిండి దొరికే చెట్టూచేమా ఒక వైపు, గూడు కట్టడానికి కావలసిన నీడపట్టు గోడలు మరో వైపు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పాతబస్తీ నడిబొడ్డున కన్నా ఈ ఊరి చివర ఇళ్లలో ఇవి ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యమేమీ లేదు.

కొత్తగా కడుతున్న ప్రతి భవనమూ వాటికి సామాను కొట్టే. సెంట్రింగ్‌కు వాడి ఎండలో పడేసిన చెక్కల్ని అవి పళ్లతో గీరి పీచు తీసుకుంటాయి. దాన్ని లాలాజలంతో నమిలితే కాగితం గూడుకు కావలసిన గుజ్జు తయారవుతుంది. గోడలకు కొట్టే క్యూరింగ్ నీళ్లు కిందికి జారి మడుగు కడితే మట్టిగూళ్లు కట్టేవాటికి తడిమట్టి సిద్ధం.

వేసవిలోనే ఎందుకు?

మొదటి కారణం నీళ్లు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదైంది. ఆ వేడికి గూట్లో ఉన్న పిల్లపురుగులు మాడిపోకుండా పెద్ద కందిరీగలు ఒక పని చేస్తాయి. ఎక్కడెక్కడి నుంచో కడుపు నింపుకుని నీళ్లు తెస్తాయి. బొట్టు బొట్టుగా గూటి అరల మీద ఉంచుతాయి. ఆ పైన నిలబడి రెక్కలతో విసురుతాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ గూడు చల్లబడుతుంది. మన కూలర్ పనిచేసేదీ సరిగ్గా ఈ సూత్రం మీదే. తడిసిన గడ్డి మీద మధ్యాహ్నం పూట వరుసగా వాలే కందిరీగలు మనల్ని కుట్టడానికి రాలేదు. గూట్లోని పిల్లలకు నీళ్లు పట్టుకెళ్లడానికి వచ్చాయి. ఏసీ నుంచి కారే నీళ్ల బకెట్టు, కుండీల కింది పళ్లేలు, పిట్టల కోసం పెట్టిన మూకుడు, కారే పంపు, అన్నీ వాటికి నీళ్ల రేవులే.

రెండోది తీపి. మామిడి, ముంజలు, చెరకురసం, కల్లు, అన్నీ ఎక్కువగా ఈ ఎండల్లోనే. మామిడి తొక్కలున్న చెత్తబుట్టను మూత లేకుండా బాల్కనీలో పెడితే పిలిచినట్టే. మూడోది నీడ. ఎండ తగలని, వాన తడవని, గాలికి ఊగని చోటు వాటికి కావాలి. సన్‌షేడ్ కింది భాగం, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కరెంటు మీటరు పెట్టె, గీజరు పైపు కన్నం, వాడకుండా ఉంచిన కూలర్ వాటికి కొండచరియతో సమానం.

మట్టితో కట్టేవి: ఒంటరి తల్లులు

మన ఇళ్లలోకి ఎక్కువగా వచ్చేవి ఇవే, ఎక్కువగా అకారణంగా చచ్చిపోయేవీ ఇవే. గోడ మూలలో, తలుపు వెనక, పుస్తకాల అర వెనకాల, ఫొటో ఫ్రేము అంచున మట్టి ముద్దలు కనిపిస్తాయి. సన్నటి నడుము, పసుపు కాళ్లు, నల్లటి ఒళ్లు ఉన్నది ఆ పని చేసే ఆడ కందిరీగ. శాస్త్రవేత్తలు దీన్ని స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్ అంటారు. మద్రాసు వైపు నుంచి వెళ్లిన నమూనాను చూసి డెన్మార్కుకు చెందిన ఫాబ్రిషియస్ 1781లో ఆ పేరు పెట్టాడు. నారింజ, నలుపు రంగుల్లో కాస్త పెద్దగా ఉండి, మూతి ఉన్న చిట్టి కుండలాంటి గూడు కట్టేది మరో రకం. ఈ రెండింటికీ రాణి ఉండదు, సైన్యం ఉండదు. ఒక్కో తల్లి ఒంటరిగా తన పిల్లలకు ఇల్లు కడుతుంది. గూడు కోసం మనిషి మీద దండెత్తే అలవాటు వీటికి లేదు. పట్టుకుని నలిపితే తప్ప కుట్టవు.

ఆ మట్టి గదిలో జరిగేది వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మొదటి రకం సాలీళ్లను, రెండోది గొంగళిపురుగులను కుట్టి స్పృహ తప్పిస్తుంది, చంపదు. వాటిని గదిలో పేర్చి, ఒక గుడ్డు పెట్టి, మూత వేసి వెళ్లిపోతుంది. కుండగూడు కట్టే జాతుల్లో గుడ్డు గది పైకప్పు నుంచి సన్నటి దారంతో వేలాడుతుంది, కింద ఉన్న పురుగులు కదిలినా నలిగిపోకుండా. ఫ్రాన్స్‌లో జాన్ హెన్రీ ఫాబ్ర్ అనే బడిపంతులు వందేళ్లకు పైగా కిందటే ఈ దారాన్ని చూసి రాశాడు. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల, తల్లి దాచిన తాజా తిండి తిని పెరిగి, మూత తొలుచుకుని రెక్కలతో బయటికొస్తుంది.

మన పెద్దలు దీన్నే బయటి నుంచి చూశారు. లోపలికి పురుగు వెళ్లింది, కొన్నాళ్లకు కందిరీగ వచ్చింది. ఎడతెగని ధ్యానంతో పురుగే భ్రమరంగా మారిందని అర్థం చేసుకుని భ్రమరకీటక న్యాయం చెప్పారు. వేదాంత ప్రవచనాల్లో ఈ ఉపమానం వినని తెలుగువాళ్లు తక్కువ. లోపల జరిగింది వేరే సంగతి అయినా, గోడ మీది మట్టిముద్దను అన్నాళ్లు ఓపికగా గమనించిన ఆ చూపంటే నాకు గౌరవం. ఇంట్లో ఈ గూడు కడితే కోడలు నెల తప్పుతుందనే నమ్మకం దక్షిణాదిలో చాలా ఊళ్లలో ఉంది. దానివల్ల కూడా ఎన్నో గూళ్లు చీపురు దెబ్బ తప్పించుకున్నాయి.

వీటితో నిజమైన ఇబ్బంది ఒక్కటే, కన్నాలు పూడ్చడం. నీలం రంగులో మెరిసే ఇంకో చుట్టం సొంతంగా గూడు కట్టడం మానేసి దొరికిన కన్నంలో దూరుతుంది. ప్లగ్గు రంధ్రాలు, తాళం కన్నాలు, కుర్చీ కాళ్ల గొట్టాలు మట్టితో నిండేది ఇలాగే. ప్లగ్గులో మట్టి కనిపిస్తే పిన్నుతో పొడవకండి. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. గోడ మీది గూటికి గుండ్రటి కన్నం పడి ఉంటే లోపలివి వెళ్లిపోయినట్టు. నీళ్లతో తడిపి గీరేస్తే చాలు.

> మట్టి ముద్ద, 189 ప్రాణాలు
>
> 1996 ఫిబ్రవరి 6 రాత్రి డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి బయల్దేరిన బోయింగ్ 757 విమానం కొద్ది నిమిషాల్లోనే సముద్రంలో కూలిపోయింది. అందులోని 189 మందీ చనిపోయారు. విమానం వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టం పూడుకుపోయి తప్పుడు అంకె చూపిందని దర్యాప్తులో తేలింది. విమానం నేల మీద ఉన్న రోజుల్లో మట్టిగూడు కట్టే కందిరీగ ఆ గొట్టాన్ని పూడ్చి ఉంటుందని అనుమానించారు. గొట్టాలు మాత్రం సముద్రం నుంచి దొరకలేదు. విమానాలు ఆగి ఉన్నప్పుడు ఆ గొట్టాలకు తొడుగులు వేసే పద్ధతి ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. దుండిగల్, హకీంపేటల నుంచి లేచే శిక్షణ విమానాలను రోజూ చూసే మన ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు.

కాగితంతో కట్టేవి: వీటితోనే జాగ్రత్త

బూడిద రంగులో, ఒక కాడ మీద వేలాడుతూ, కింది వైపు తెరిచిన అరలతో తామరకాయలా కనిపించే గూడు వేరే కుటుంబానిది. అక్కడ పదుల సంఖ్యలో కలిసి ఉంటాయి. గూటికి ముప్పు వచ్చిందనుకుంటే కలిసే కుడతాయి. తేనెటీగ ముల్లు మన చర్మంలో ఇరుక్కుని తెగిపోతుంది, అది చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు తెగదు, ఒక్కటే ఎన్నిసార్లయినా కుట్టగలదు. గూడు దగ్గర ఒకదాన్ని నలిపితే దాని విషంలోని వాసన మిగతావాటికి హెచ్చరిక. చెప్పుతో కొట్టినవాడి మీదికి గుంపు లేచేది అందుకే.

మన దగ్గర విస్తారంగా కనిపించే రోపలీడియా మార్జినేటా అనే రకాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాలపాటు పరిశీలించారు. 2001లో ఆయన వెలువరించిన పెద్ద పుస్తకం పూర్తిగా ఈ ఒక్క జాతి గురించే. ఈ జాతిలో రాణి ఎవరినీ కొట్టదు, కరవదు. గూట్లో అందరికన్నా సాధువు అదే. అలాంటి రాణి మాట మిగతావి ఎలా వింటాయన్నదే ఆయన పరిశోధనకు ప్రాణమైన ప్రశ్నల్లో ఒకటి.

ఆ పరిశోధనలో ఇంటివాళ్లకు పనికొచ్చే ముక్క కూడా ఉంది. చలిదేశాల్లో శీతాకాలం రాగానే గూడు చచ్చిపోతుంది, కొత్త రాణి ఒక్కటే ఎక్కడో దాక్కుని బతుకుతుంది. అందుకే అక్కడివాళ్లు "చలికాలం దాకా ఓపిక పట్టండి, అదే పోతుంది" అని సలహా రాస్తారు. మనవాళ్లు అది ఇంటర్నెట్‌లో చదివి ఎదురుచూస్తారు. మంచు పడని మన దక్కనులో ఈ కందిరీగలు ఏడాది పొడవునా గూళ్లు మొదలుపెడతాయి, ఏడాది పొడవునా పిల్లల్ని పెంచుతాయి. సంక్రాంతి వచ్చినా దానంతటది ఖాళీ కాదు. గూడు పిడికెడంత ఉన్నప్పుడే నిర్ణయం తీసుకోవాలి.

ఇంకా పెద్దవి ఉన్నాయి. ముదురు రంగు ఒంటి మీద పొట్టకు అడ్డంగా ఒకే పసుపు పట్టీ ఉన్నది చిన్న కందిరీగల గూళ్లను దోచుకుని వాటి పిల్లల్ని తింటుంది. ఎర్రటి గోధుమ రంగు, పసుపు ముఖం ఉన్నది మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ చురుగ్గా తిరుగుతుంది. ఈ రెండోదాని మీద ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో ఒక వింత ప్రకటించారు. ఎనభై శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం తాగించినా దానికి ఏమీ కాలేదట. పులిసిన పండు, కల్లు కుండ చుట్టూ అది ఎందుకు వదలకుండా తిరుగుతుందో ఈ సంగతి చెబుతోంది. వీటి గూడు గోడ కన్నంలోనో, చెట్టు తొర్రలోనో ఉందని తెలిస్తే ఎవరూ సొంతంగా చెయ్యి పెట్టకూడదు.

> వాట్సాప్‌లో తిరిగే రాకాసి కందిరీగ
>
> బొటనవేలంత ఉండి మనుషుల్ని చంపుతుందని వీడియోల్లో చూపించే ఆసియా రాకాసి కందిరీగ నిజమే. చైనాలోని షాన్సీ రాష్ట్రంలో 2013లో కందిరీగల దాడుల్లో 40 మందికి పైగా చనిపోయారు, 1600 మందికి పైగా గాయపడ్డారు. 2019లో అమెరికా వాయవ్య మూలకూ అది చేరింది. అక్కడ దాన్ని పూర్తిగా నిర్మూలించామని 2024 డిసెంబరులో ప్రకటించారు. మన దేశంలో అది హిమాలయ, ఈశాన్య ప్రాంతాల జీవి. తెలంగాణ బాల్కనీల్లో కనిపించేది అది కాదు.

చంపేస్తే ఏం పోతుంది?

చాలా పోతుంది. గొంగళిపురుగుల్ని ఏరుకుతినే ఈ కందిరీగలు మన కుండీల్లో టమాటాకూ, పొలాల్లో పంటకూ కాపలా. వీటి బంధువు ట్రైకోగ్రామా, కంటికి ఆననంత చిన్నది, పురుగుల గుడ్లలోనే తన గుడ్డు పెట్టి అవి పొదగకుండా చేస్తుంది. వరి, చెరకు రైతులు పొలంలో కట్టే ట్రైకోకార్డుల మీద ఉండేది ఇదే. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థలో వీటిని పెంచడం నేర్పుతారు. 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించి బొప్పాయి, మల్బరీ తోటల్ని నాశనం చేసిన పిండినల్లి మీదికి 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలినవి కూడా చిన్న కందిరీగలే. మందులకు లొంగని పిండినల్లి వాటికి లొంగింది. ఇంట్లో బొద్దింకలతో విసిగిపోయినవాళ్లకు మరో కబురు: పచ్చలా మెరిసే ఒక కందిరీగ బొద్దింక మెదడులో కుట్టి, మీసం పట్టుకుని నడిపించుకుపోయి తన పిల్లకు ఆహారం చేస్తుంది.

> మేడిపండులో ఉన్నదేమిటి?
>
> వేమన పద్యం వల్ల మేడిపండులోని పురుగులకు చెడ్డపేరు వచ్చింది. ఆ పురుగులు నిజానికి చిట్టి కందిరీగలు. మేడిచెట్టు పువ్వులన్నీ కాయ లోపలే ఉంటాయి. సన్నటి కన్నంలోంచి లోపలికి దూరి వాటికి పుప్పొడి అందించేది ఈ కందిరీగే. అది లేకపోతే మేడికి విత్తనం లేదు. మర్రికీ, రావికీ ఇలాగే ఒక్కోదానికి తగిన కందిరీగ ఉంది.

ఒక్కటి గదిలోకి వస్తే

దారి తప్పి వచ్చిన ఒక్క కందిరీగకు కావలసింది బయటికి దారి. ఫ్యాన్ ఆపండి. లైటు తీసేయండి. ఒక కిటికీ పూర్తిగా తెరిచి మిగతా కిటికీల తెరలు వేయండి. వెలుతురు వైపే పోతుంది. అద్దానికి కొట్టుకుంటుంటే గ్లాసు బోర్లించి, కింద గట్టి అట్ట జరిపి బయట వదలండి. తువ్వాలు ఊపడం, చేత్తో విసరడం మాత్రం వద్దు.

రాకుండా చూసుకోవడానికి దోమల జాలీయే అసలు మందు. జాలీ చిరుగులు, గీజరు, ఏసీ పైపుల చుట్టూ ఉన్న కన్నాలు ఎండలకు ముందే మూయించండి. వాడని ప్లగ్గులకు మూతలు పెట్టండి. ఏసీ బకెట్టుకు మూత, చెత్తబుట్టకు మూత. కూలర్ తీసేముందు ఓ రోజు దూరం నుంచి చూడండి. కందిరీగలు వస్తూ పోతూ ఉంటే లోపల గూడు ఉన్నట్టే. వారానికోసారి సన్‌షేడ్‌ల కింద ఒక చూపు వేస్తే, ఒకటీ రెండూ కందిరీగలతో కాసు అంత గూడు ఉన్నప్పుడే దొరుకుతుంది. చీకటి పడుతున్నప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, దూరం నుంచి సబ్బు నీళ్లు చిమ్మి అప్పుడే తీసేయొచ్చు. పెద్దదయ్యాక ఆ పని చెయ్యకూడదు.

మనుషులు తిరగని చోట, చెట్టు మీదో గోడ చివరనో ఉన్న గూటిని వదిలేయండి. తలుపు, లిఫ్టు, పిల్లలు ఆడే చోటు, వంటింటి కిటికీ దగ్గరైతే తీయించాల్సిందే. దానికి లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లున్నారు. పురుగుమందుల చట్టం కింద ఆ పనికి లైసెన్సు తప్పనిసరి. అడిగి చూసుకోవడం మన హక్కు.

వాచ్‌మన్, పెయింటరు, గీత కార్మికుడు

ఇప్పుడు అసలు సంగతి. కందిరీగ ప్రమాదం అందరికీ ఒకేలా లేదు. జాలీ వెనక ఉన్నవాడికి అది ఒకటి రెండు పోట్లు. గూటి దగ్గరికి వెళ్లడమే ఉద్యోగమైనవాడికి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

పదో అంతస్తు నుంచి తాడు మీద వేలాడుతూ రంగులు వేసే పెయింటరుకు సన్‌షేడ్ కింది గూడు ముఖానికి ఎదురుగా వస్తుంది. ఏసీ మెకానిక్ ఒక కాలు గోడ మీద, ఒక కాలు గాలిలో పెట్టి అవుట్‌డోర్ యూనిట్ మూత తీస్తాడు. కందిరీగ లేస్తే ఒంటి సహజగుణం చేతులు వదిలెయ్యమంటుంది. వదిలితే కిందికి పడతాడు. గీత కార్మికుడి కష్టం కూడా ఇదే. తాటి కమ్మల మధ్య గూడు చెట్టు ఎక్కేదాకా కనిపించదు. చెట్టెక్కడానికి వాడే మోకు, ముత్తాదు, గుజి మీద ఆధారపడి చెట్టు నడుమ ఉన్న మనిషి అవి లేచినా గబగబా దిగలేడు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారిపడకుండా కాపాడే ఆ సరంజామాతో పాటు ముఖానికి వల, మెడ కప్పే గుడ్డ కూడా ఇస్తే బాగుంటుందని నా మనవి.

వాచ్‌మన్ సంగతి మన చేతుల్లోనే ఉంది. కిరోసిన్ కాగడాతో గూడు కాల్చడం రెండు రకాలుగా ప్రమాదం. మంట అంటుకునేది గూటికొక్కదానికే కాదు. కూలర్ గడ్డి, ఏసీ పైపు తొడుగు, బాల్కనీలో గ్యాస్ సిలిండరు, ఆరేసిన బట్టలు అన్నీ అక్కడే ఉంటాయి. కాలని కందిరీగలు ఎవరి మీదికి వస్తాయో చెప్పక్కర్లేదు. అతనికి జీతం ఇచ్చేది గేటు చూడటానికి, మోటారు వేయడానికి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని కందిరీగల మీదికి వెళ్లమని అడిగే అధికారం ఏ ఫ్లాటు యజమానికీ లేదు. అతను కాదనలేడని తెలిసి అడగడం మరీ తప్పు. మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఏటా వేసవికి ముందు ఒకసారి భవనమంతా చూపించి గూళ్లు తీయిస్తే ఒక్కో ఇంటికి పడే ఖర్చు పెద్దదేమీ కాదు. ఈ తీర్మానం అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టాల్సింది మనమే.

కుట్టినప్పుడు

ముందు అక్కడి నుంచి దూరంగా నడిచి ఇంట్లోకో కారులోకో వెళ్లండి. సబ్బుతో కడిగి, బట్టలో చుట్టిన మంచుగడ్డ పది నిమిషాలు పెట్టండి. చేతికి కుడితే ఉంగరం, గాజులు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. దురదకు సెట్రిజిన్ లాంటి మాత్ర, నొప్పికి పారాసిటమాల్ సరిపోతాయి. తేనెటీగ విషం ఆమ్లం, కందిరీగది క్షారం, కాబట్టి ఒకదానికి సున్నం, ఒకదానికి నిమ్మకాయ అని చెప్పే లెక్క పనిచెయ్యదు. విషం చర్మం లోపలికి వెళ్లింది, పూత పైన ఉంది. సున్నం పుండు చేస్తుంది. కిరోసిన్ అసలే వద్దు.

కొద్దిమందికి ఒక్క పోటుతోనే ఒళ్లంతా తిరగబడుతుంది. కుట్టిన చోటు కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదాలు, నాలుక వాయడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి అందకపోవడం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం దాని గుర్తులు. చాలావరకు అరగంట లోపే కనిపిస్తాయి. అప్పుడు మాత్రలు వెతుక్కోకండి. 108కి ఫోన్ చేయండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి. ఊపిరి ఆడకపోతే ఆనించి కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవల ప్రధాన కార్యాలయం ఈ మేడ్చల్ దారిలోనే, దేవరయాంజాల్‌లో ఉంది.

ఈ స్థితిలో ప్రాణం నిలిపే మందు ఒక్కటే, అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. నిమిషాల్లో పనిచేస్తుంది. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఆస్పత్రిలో ఉండాలి. పదుల సంఖ్యలో కుట్టినవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. విషం కండరాలనూ రక్తకణాలనూ దెబ్బతీసి ఒకటి రెండు రోజుల తర్వాత కిడ్నీల మీదికి వస్తుంది. మూత్రం ముదురు టీ రంగులో వచ్చినా, తగ్గిపోయినా వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

విదేశాల్లో అలర్జీ ఉన్నవాళ్లు జేబులో పెట్టుకునే అడ్రినలిన్ పెన్నులు మన మందుల షాపుల్లో మామూలుగా దొరకవు. మందు మాత్రం ఖరీదైనది కాదు, ఆంప్యూల్ ధర సామాన్యుడికి అందేదే. అది దగ్గర్లో ఉందా, ఇవ్వడం తెలిసినవాళ్లు ఆ సమయానికి ఉన్నారా అన్నదే తేడా. బస్తీ దవాఖానా అయినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా, కాలేజీ హాస్టల్లోని సిక్ రూమ్ అయినా, వీధి చివరి క్లినిక్ అయినా, మీకు దగ్గర్లో ఉన్నదాన్ని ఈ వారమే వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. అడ్రినలిన్ ఉందా? రాత్రి పూట ఇచ్చేవాళ్లు ఎవరు? జవాబు మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ వాచ్‌మన్‌కూ చెప్పండి.